వాన ముందు గడ్డి, ముసురులో పశువు, మంచులో పాలు
(జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంత సంఘాల సభ్యులకు శరత్కాల వాతావరణంపై వివరణ)

దసరా వెళ్ళి దీపావళి దగ్గర పడేసరికి జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల సంఘాలలో పాల రాబడి పెరగడం మొదలవుతుంది. మన గేదెలలో ఎక్కువ భాగం వర్షాకాలం చివరి నుంచి డిసెంబరు వరకు ఈనుతాయి. గట్ల మీద పచ్చిమేత ఉంటుంది. పాడి రైతు చేతికి నాలుగు డబ్బులు వచ్చే కాలం ఇది. అయితే ఆకాశం నిలకడగా ఉండని కాలం కూడా ఇదే. మూడు రోజులు ముసురు, రెండు రోజులు మబ్బు, ఆపైన తెల్లవారుజామున పది అడుగుల దూరంలో మనిషి కనబడని పొగమంచు.

ఏటా చూసేదే కదా అని సభ్యులు అనవచ్చు. నిజమే. కాని ఏటా ఈ కాలంలోనే మూడు మాటలు వింటున్నాము. వెన్న శాతం పడిపోయింది అని ఒకరు, పాలు పులిశాయని తీసుకోలేదు అని ఒకరు, వాములో గడ్డి బూజు పట్టింది అని మరొకరు. ఈ మూడింటికీ వానను తిట్టుకోవడం తేలిక. కాని ముందుగా తెలుసుకుని పని పెట్టుకుంటే మూడూ చాలా వరకు తప్పించుకోగలిగినవే. వాతావరణ సూచన రాగానే వాన పడుతుందా పడదా అని మాత్రమే చూడకుండా, వానకు ముందు రోజు చేయవలసిన పని, ముసురు రోజున చేయవలసిన పని, వాన వెలిసిన తరువాత చేయవలసిన పని అని మూడు భాగాలుగా విడదీసుకోవాలి. ఈ వ్యాసంలో ఆ మూడింటిని వివరిస్తున్నాము.

మన మెట్టలో ఈ ఋతువు నడిచే తీరు

2022 ఏప్రిల్ 4 నుంచి మన మండలాలు ఎన్టీఆర్ జిల్లాలో చేరినా, మెట్ట కృష్ణా అన్న పాత పిలుపే ఇంకా మన నోట ఉన్నది. వాతావరణానికి సంబంధించినంత వరకు ఆ పిలుపులో అర్థం ఉంది. దివి, బందరు ప్రాంతాలు సముద్రపు ఒడ్డున ఉన్నాయి. జగ్గయ్యపేట, నందిగామ సముద్రానికి వంద కిలోమీటర్లకు పైగా లోపల ఉన్నాయి. అందువల్ల 1977 నవంబరు 19న దివిసీమను ముంచినటువంటి ఉప్పెన భయం మనకు లేదు. మనకు వచ్చేది ఉప్పెన కాదు, వాగుల వరద. ఈదురు గాలి కంటే రోజుల తరబడి విడవని ముసురు మనకు ఎక్కువ నష్టం చేస్తుంది.

నైరుతి రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు నడిమికి కోస్తా నుంచి వెనుదిరుగుతాయి. ఆ వెంటనే గాలి దిశ మారి ఈశాన్య రుతుపవనాలు అందుకుంటాయి. రైతు లెక్కలో చెప్పాలంటే హస్త కార్తె, చిత్త కార్తెలలో ఈ మార్పు జరుగుతుంది. పగలు ఉక్క, సాయంత్రం ఉరుము, మెరుపు, ఒక ఊళ్ళో కుండపోత, పక్క ఊళ్ళో పొడి. చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుందని పెద్దలు అన్నది ఈ వానల గురించే. పిడుగులు ఎక్కువగా పడే రోజులు కూడా ఇవే.

అక్టోబరు చివర స్వాతి కార్తె నుంచి నవంబరు అంతా విశాఖ, అనూరాధ కార్తెల వరకు బంగాళాఖాతంలో అల్పపీడనాలు, వాయుగుండాలు, తుఫానులు పుట్టే కాలం. ఇవి వచ్చినప్పుడు మన వైపు నేలకు దగ్గరగా బూడిద రంగు మబ్బు కమ్ముకుని, సన్నని తుంపర ఆగకుండా పడుతుంది. డిసెంబరు, జనవరి నాటికి వానలు తగ్గి రాత్రి చలి పెరుగుతుంది. కనిష్ఠ ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు దిగువకు వస్తుంది. అప్పుడు పొగమంచు వంతు. అయితే డిసెంబరులో తుఫానులు రావని అనుకోరాదు. 2023లో మిచౌంగ్ తుఫాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. వరి కోతల సమయం కావడం వల్ల ధాన్యంతో పాటు గడ్డి కూడా తడిసింది.

తీరం దాటేది ఎక్కడో, వాన మన ఇంటి మీద

రేడియోలోనో టీవీలోనో వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటుతుందని చెబితే, మనకు దూరం కదా అని నిశ్చింతగా ఉండడం మన అలవాటు. ఈ అలవాటు ఎంత ప్రమాదమో 2024లో తెలిసింది. ఆగస్టు 31 రాత్రి దాటి సెప్టెంబరు 1 తెల్లవారుజామున వాయుగుండం తీరం దాటింది కళింగపట్నం వద్ద. మనకు అది నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం. కాని కుండపోత కురిసింది మన జగ్గయ్యపేట, విజయవాడ, ఖమ్మం ప్రాంతాల మీద. గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతిన్నది. ఐతవరం దగ్గర మున్నేరు నీరు జాతీయ రహదారి మీదికి వచ్చింది. వాయుగుండం అంటే ఒక చుక్క కాదు. వందల కిలోమీటర్ల వెడల్పున తిరిగే గాలి సుడి. దాని కేంద్రం ఎక్కడ ఉన్నా, సముద్రపు తేమను లాగే గాలి ఎక్కడ పోగవుతుందో వాన అక్కడ పడుతుంది. అందువల్ల తీరం దాటే ఊరి పేరు కాక, మన జిల్లా పేరు ఎదుట ఏమి చెప్పారో అది చూడాలి.

మరొక సంగతి. మన దగ్గర వాన లేకపోయినా వరద రావచ్చు. మున్నేరు ఓరుగల్లు, మహబూబాబాదు ప్రాంతాలలో బయలుదేరి ఖమ్మం మీదుగా పెనుగంచిప్రోలు వైపు వస్తుంది. కిందికి వచ్చేసరికి వైరా, కట్టలేరు నీరు కూడా కలుస్తుంది. పైన పడిన వాన కొన్ని గంటల తరువాత మన ఊళ్ళను చేరుతుంది. 2023 జూలై చివరి వారంలో ఐతవరం దగ్గర రహదారి మూతపడినది ఈ విధంగానే. కాబట్టి మున్నేరు ఒడ్డు సంఘాలు ఖమ్మంలో మున్నేరు ఎత్తు ఎంత ఉన్నదో వాకబు చేస్తే ముందే జాగ్రత్త పడవచ్చు. కృష్ణ సంగతీ అంతే. 2009 అక్టోబరు తొలి వారంలో కర్నూలు వైపు, కర్ణాటకలో పడిన వానలకు ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 2024 సెప్టెంబరు 2న 11.4 లక్షలు దాటింది. ముక్త్యాల, వేదాద్రి, చందర్లపాడు వైపు కృష్ణ ఒడ్డున లంకలలో, పల్లపు చేలలో గొడ్లను కట్టే సభ్యులు పులిచింతల నుంచి వదిలే నీటి కబురును తప్పక వినాలి. వరద సూచన వచ్చిన రాత్రి గొడ్లను కట్టి ఉంచరాదు. పలుపు విప్పి మెరకకు తోలాలి. తాడు విప్పి ఉంటే గేదె ఈది బయటపడగలదు, కట్టి ఉంటే నిలబడిన చోటనే మునుగుతుంది.

మబ్బు రాత్రి మంచు పట్టదు

పొగమంచు అంటే నేలకు దిగిన మబ్బే. రెండింటిలోనూ ఉన్నది గాలిలో తేలే అతి సన్నని నీటి బిందువులే. మబ్బు పైన పుడుతుంది, మంచు మన కాళ్ళ దగ్గర పుడుతుంది. అంతే తేడా. అయితే ఈ రెండూ ఒకే రాత్రి కలిసి రావడం అరుదు. ఎందుకో తెలిస్తే సభ్యులకు చాలా ఉపయోగం.

పగలంతా ఎండకు వేడెక్కిన నేల రాత్రి ఆ వేడిని ఆకాశంలోకి వదులుతుంది. ఆకాశంలో మబ్బు ఉంటే అది దుప్పటిలాగా అడ్డుపడి వేడిని నేలకే తిప్పి పంపుతుంది. అందువల్ల మబ్బు పట్టిన రాత్రి వెచ్చగా ఉంటుంది. ఆకాశం తేటగా ఉంటే వేడి అంతా పోయి నేల చల్లబడుతుంది. నేలను అంటుకున్న గాలి కూడా చల్లబడుతుంది. చల్లని గాలి ఎక్కువ తేమను పట్టి ఉంచలేదు. మిగిలిన తేమ బిందువులుగా విడిపోయి మంచు అవుతుంది. దీనికి మూడు కావాలి. నేల తడిగా ఉండాలి, ఆకాశం తేటగా ఉండాలి, గాలి నిలిచిపోవాలి.

వాయుగుండం వెళ్ళిపోయిన తరువాత రెండో రోజో మూడో రోజో సరిగ్గా ఈ మూడూ కలుస్తాయి. మన నల్లరేగడి నేలలు తడిని పట్టి ఉంచుతాయి. సాగర్ ఎడమ కాలువ కింది వరి మళ్ళు, మున్నేరు, పాలేరు, కృష్ణ ఒడ్లు తేమను ఇస్తూనే ఉంటాయి. కాబట్టి వాన వెలిసింది, నక్షత్రాలు తేటగా కనబడుతున్నాయి, ఆకు కదలడం లేదు అంటే తెల్లవారుజామున మంచు పడుతుందని సభ్యులు తామే చెప్పుకోవచ్చు. సూర్యుడు పైకి వచ్చి నేల వేడెక్కే దాకా, అంటే ఎనిమిది, తొమ్మిది గంటల వరకు అది విడవదు. పాలు సంఘానికి చేరి, అక్కడి నుంచి శీతల కేంద్రానికి బయలుదేరేది సరిగ్గా ఆ గంటలలోనే అని వేరుగా చెప్పనక్కరలేదు.

సూచనలోని మాటలకు అర్థం

వాతావరణ శాఖ వాడే మాటలకు కొలతలు ఉన్నాయి. వాటిని సంఘం గోడ మీద రాసి ఉంచుకోవడం మంచిది. 24 గంటలలో 15.5 మిల్లీమీటర్ల వరకు పడితే తేలికపాటి వాన. 64.4 వరకు ఒక మోస్తరు వాన. 64.5 నుంచి 115.5 వరకు భారీ వర్షం. 204.4 వరకు అతి భారీ వర్షం. అంతకు మించితే అత్యంత భారీ వర్షం. 'అక్కడక్కడ' అంటే జిల్లాలో నాలుగో వంతు చోట్లకు మించకుండా. 'కొన్ని చోట్ల' అంటే సగం వరకు. 'చాలా చోట్ల' అంటే సగానికి పైగా, ముప్పాతిక వరకు. కనుక అక్కడక్కడ వాన అని చెప్పి మా ఊళ్ళో పడలేదంటే సూచన తప్పినట్టు కాదు.

గాలి వేగం గంటకు 31 కిలోమీటర్ల లోపు అయితే అల్పపీడనం, 31 నుంచి 49 వరకు వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుఫాను. ఇవి గాలి కొలతలే గాని వాన కొలతలు కావు. 2024లో మనలను ముంచినది తుఫాను కాదు, వాయుగుండమే. పేరు చిన్నదని వానను చిన్నదిగా చూడరాదు. రంగుల హెచ్చరికలలో పసుపు గమనిస్తూ ఉండమని, నారింజ సిద్ధంగా ఉండమని, ఎరుపు వెంటనే కదలమని. మంచు విషయంలో చూపు కిలోమీటరు లోపుకు తగ్గితేనే పొగమంచు అంటారు. 200 మీటర్ల లోపు అయితే దట్టమైన పొగమంచు.

తుఫాను విషయంలో సుమారు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తారు. మన చేతిలో ఉన్నది ఆ మూడు రోజులే. సెల్ ఫోను ఉన్నవారు పిడుగుల కోసం 'దామిని', వ్యవసాయ సలహాల కోసం 'మేఘదూత్' అనే యాప్‌లు చూసుకోవచ్చు. పైరు, మేతల సందేహాలకు గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం మనకు దగ్గరలోనే ఉన్నది. చంద్రుని చుట్టూ గుడి కట్టిందని వాన చెప్పే పెద్దల మాటను కూడా కొట్టివేయనక్కరలేదు. ఆ గుడి ఎంతో ఎత్తున ఉండే మంచు పలుకుల పలుచని మబ్బు వల్ల కనబడుతుంది. వాయుగుండానికి ముందుగా వచ్చే మబ్బులలో అది ఒకటి. కాని గుడి ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో చెప్పదు. దానిని చూసిన తరువాత సూచన కూడా చూసుకోవాలి.

వాన ముందు: గడ్డి, దాణా

వాన సూచన రాగానే మొట్టమొదట చూడవలసినది గడ్డి. నవంబరు, డిసెంబరులలో కోసిన వరిగడ్డి ఏడాది పొడుగునా మన గొడ్డుకు కడుపు నింపేది. తడి గడ్డిని వామి వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. గడ్డిలో తేమ నూటికి 15 పాళ్ళు దాటితే నిలవకు పనికిరాదు. గుప్పెడు గడ్డి తీసుకుని మెలిపెడితే పెళుసుగా విరగాలి. మెత్తగా వంగితే ఇంకా ఆరలేదన్నమాట. వామి అడుగున రాళ్ళు, మొద్దులు వేసి నేలకు అడుగు ఎత్తున లేపాలి. పైభాగం ఏటవాలుగా తీర్చి పట్టా కప్పాలి. యంత్రంతో కోసిన గడ్డిని చేలోనే వదలకుండా, సూచన వచ్చిన రోజే మోపులు కట్టించి మెరకకు చేర్చాలి. తడిసిపోయిన గడ్డిని పాత వామితో కలపరాదు. తెరపి రాగానే గట్ల మీద పలుచగా పరిచి ఆరబెట్టాలి.

బూజు గడ్డిని గొడ్డు ముందు వేస్తే ఏమవుతుందిలే అనుకోవడం తగదు. బూజు పట్టిన వరిగడ్డి మేసిన గేదెలకు తోక చివర, చెవుల కొనలు, గిట్టల దగ్గర చర్మం నల్లబడి కుళ్ళే జబ్బు వస్తుంది. పశువైద్యులు దీనిని డెగ్నాలా అంటారు. దాణా విషయం ఇంకా ముఖ్యం. తడి తగిలిన పత్తిగింజల చెక్క, వేరుశనగ చెక్క, మొక్కజొన్నలలో పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. గొడ్డు తిన్న ఆ విషంలో కొంత రూపం మారి పాలలోకి దిగుతుంది. పాలు కాచినా అది పోదు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం కిలో పాలలో అది 0.5 మైక్రోగ్రాములకు మించరాదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఇంత చిన్న కొలత దాటినా పాలు పనికిరావు. ఆ పాలు తాగేది పట్టణంలోని పసిపిల్లలు మాత్రమే కాదు, మన ఇంటి పిల్లలు కూడా. కనుక దాణా బస్తాలను నేల మీద పెట్టరాదు. చెక్కల మీద, గోడకు అడుగు ఎడంగా పేర్చాలి. గడ్డ కట్టిన చెక్కను, పాచివాసన వచ్చే తవుడును పారవేయడమే లాభం.

ముసురులో: పశువు

ముసురు రోజులలో వెన్న శాతం తగ్గడానికి ముఖ్య కారణం మేత. వానకు లేచిన లేత గడ్డిలో నీరు ఎక్కువ, పీచు తక్కువ. మామూలు పచ్చిమేత 20 కిలోలు వేస్తే అందులో 4 నుంచి 5 కిలోల పొడి పదార్థం ఉంటుంది. వానలో తడిసిన లేత గడ్డి 20 కిలోలలో 3 కిలోలు కూడా ఉండకపోవచ్చు. గొడ్డుకు కడుపు నిండినట్టే ఉంటుంది, పేడ పలుచబడుతుంది, వెన్న దిగుతుంది. రోజుకు 5 లీటర్లు ఇచ్చే గేదెకు వెన్న 7 నుంచి 6 శాతానికి పడితే రోజుకు సుమారు 50 గ్రాముల వెన్న పోయినట్టే. పది రోజుల ముసురులో అది అర కిలో. దీనికి మందు చాలా తేలిక. ఉదయం ముందుగా ఎండుగడ్డి వేసి, తరువాత పచ్చిమేత వేయాలి. కోసిన పచ్చిమేతను పాకలో కొంతసేపు వాడనిచ్చి వేయాలి. పాలలో నీళ్ళు కలిశాయన్న అనుమానం ఎవరి మీదికి పోకముందే మేత సంగతి చూసుకోవడం సంఘానికీ మంచిది, సభ్యునికీ మంచిది.

రెండవది పొదుగు. బురదలో పడుకున్న గేదెకు పొదుగువాపు రావడానికి ఒక్క రాత్రి చాలు. పాలు పితికిన తరువాత చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట దాకా పడుతుంది. ఆ అరగంట గొడ్డు పడుకోకుండా ముందు మేత వేయాలి. పాకలో పల్లంగా ఉన్న చోట ఇసుక, బూడిద చల్లి, నీరు నిలవకుండా కాలువ తీయాలి. పొదుగు కడిగి పొడి గుడ్డతో తుడిచిన తరువాతనే పితకాలి. తొలి నాలుగు ధారలను నల్లని గుడ్డ మీద పిండి చూడాలి. తెల్లని పలుకులు కనిపిస్తే ఆ పాలను వేరుగా ఉంచి పశువైద్యునికి చూపాలి. వాటిని సంఘానికి పోయరాదు.

మూడవది దూడ. ముసురులో పుట్టిన దూడను గోనెపట్టాతో వెంటనే తుడిచి, గాలి తగలని చోట ఎండుగడ్డి మీద పడుకోబెట్టాలి. గంట లోపల జున్నుపాలు తాగించాలి. మాయ పడేదాకా దూడకు పాలు పట్టరాదన్న పాత నమ్మకం ఎన్నో దూడల ప్రాణం తీసింది. గొంతువాపు, గాలికుంటు టీకాలు పడినవో లేదో సంఘం పుస్తకంలో చూసుకోవాలి. గొడ్డు మేత మాని, గురక పెడుతూ, గొంతు కింద వాపు కనిపిస్తే మరునాటి దాకా ఆగరాదు. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోను చేయాలి.

నాలుగవది ఎద. గేదెలు ఎక్కువగా ఎదకు వచ్చేది అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకే. గేదెది మూగ ఎద. అరవదు, తీగలు మాత్రం వేస్తుంది, తరచు మూత్రం పోస్తుంది. తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక బాగా తెలుస్తుంది. వానని, చలని ముసుగు తన్ని పడుకుంటే ఎద చూడకుండా దాటిపోతుంది. మళ్ళీ 21 రోజులు ఆగాలి. అలా రెండు ఎదలు తప్పితే వచ్చే ఏడు పాలు నెలన్నర వెనక్కు పోయినట్టే.

మంచులో: పాలు

చలిగా ఉన్నది కదా, పాలు ఎంతసేపు ఉన్నా ఏమీ కావు అన్న నమ్మకం మనలో చాలామందికి ఉన్నది. ఈ వ్యాసం చదివిన వారు ఒక్క మాట గుర్తు పెట్టుకోదలిస్తే అది ఈ నమ్మకం తప్పు అన్న మాటే కావాలని మా కోరిక.

పితికిన పాలు గొడ్డు ఒంటి వేడితో, అంటే 37, 38 డిగ్రీలతో ఉంటాయి. సూక్ష్మక్రిములకు అంతకు మించిన అనుకూలమైన వేడి లేదు. అవి అరగంటకొకసారి రెట్టింపు అవుతాయని లెక్క వేస్తే, ఒక్క క్రిమి మూడు గంటలలో 64, నాలుగు గంటలలో 256 అవుతుంది. బయట 18 డిగ్రీల చలి ఉన్నా మూత వేసిన 40 లీటర్ల క్యానులో పాలు గంటల తరబడి వెచ్చగానే ఉంటాయి. పాలు నిలవ ఉండాలంటే 4 డిగ్రీలకు చల్లబడాలి. మన చలి ఎన్నడూ అంత దూరం రాదు. మామూలు రోజున పాలు వేళకు శీతల కేంద్రం చేరుతాయి గనుక ఈ సంగతి బయటపడదు. మంచు పడిన రోజున లారీ గంటో రెండు గంటలో ఆలస్యమైతే బయటపడుతుంది. అప్పుడు పులిసిన పాలు మంచు వల్ల పులిసినట్టు కనబడతాయి. నిజానికి అవి కడగని పాత్ర వల్ల, చల్లబరచని క్యాను వల్ల పులిసినవి.

కాబట్టి మంచు పడే రోజులలో ఈ పనులు చేయాలి. ముందు రాత్రే పాల పాత్రలను వేడినీళ్ళతో కడిగి, బోర్లించి, తడి లేకుండా ఆరబెట్టాలి. వడగట్టిన గుడ్డను ప్రతిసారి ఉతికి ఆరవేయాలి. ఎండ లేని రోజులలో గుడ్డ ఆరదు గనుక రెండు మూడు గుడ్డలు ఉంచుకోవాలి. సాయంత్రం పాలను ఉదయం పాలతో కలపరాదు. కూలరు లేని సంఘాలలో క్యాన్లను మెడ దాకా వచ్చే నీళ్ళ తొట్టిలో ఉంచి, నీటిని మారుస్తూ, శుభ్రమైన గరిటెతో కలియబెడుతూ ఉండాలి. గాలి కంటే నీరు వేడిని ఎన్నో రెట్లు వేగంగా లాగుతుంది. పాలలో ఐసు ముక్క గాని, సోడా గాని వేయరాదు. అది పాలను కాపాడడం కాదు, కల్తీ చేయడం.

సంఘంలో కూలరు ఉన్నా జాగ్రత్త తగ్గరాదు. ఒక్క క్యాను పులిసిన పాలు కూలరులో పడితే ఊరందరి పాలు పోతాయి. తెల్లవారకముందే లేచి చలిలో పితికి తెచ్చిన నూరు మంది కష్టం ఒక్కరి అశ్రద్ధతో పోవడం న్యాయం కాదు. అందుకే పాలు తీసుకునే కార్యకర్త మూత తీసి వాసన చూసినప్పుడు, అనుమానం వచ్చిన పాలను కాచి చూసినప్పుడు సభ్యులు కోపం తెచ్చుకోరాదు. ఆ పరీక్ష సభ్యుల పాలను కాపాడడానికే.

దారి మీద

విజయవాడ, హైదరాబాదు రహదారి కంచికచర్ల, నందిగామ, చిల్లకల్లు మీదుగా మన మధ్య నుంచే పోతున్నది. మంచు రోజున సైకిలు మీద, మోటారు సైకిలు మీద క్యాన్లు కట్టుకుని రహదారి ఎక్కే సభ్యుని క్షేమం పాల కంటే ముఖ్యం. క్యాను వెనుక ఎర్రని మెరుపు కాగితం అంటించండి. దీపాన్ని కిందికి దించి నడపండి. పైకి వేస్తే వెలుగు మంచు మీద పడి మన కళ్ళకే కొడుతుంది. రోడ్డు అంచున బండి ఆపి మాట్లాడుకోవద్దు. వాగు మీద నీరు పారుతున్నప్పుడు లోతు తెలిసిన దారే అని దిగవద్దు. ఉరుములు మొదలైతే చెట్టు కింద గొడ్లను గాని, మనుషులు గాని నిలవరాదు. పది లీటర్ల పాలు ఒక పూట పోతే మరునాడు వస్తాయి.

సంఘాలకు విజ్ఞప్తి

ప్రతి సంఘమూ అక్టోబరు మొదటి వారంలో పాలకవర్గ సమావేశం జరిపి నాలుగు విషయాలు నిర్ణయించుకోవాలని కోరుతున్నాము. రోజూ సాయంత్రం పాల వేళకు వాతావరణ సూచనను బల్ల మీద రాసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. మంచు రోజులలో పాలు తీసుకునే వేళను, లారీ వచ్చే వేళను ముందు రాత్రే మార్చుకుని సభ్యులకు తెలపాలి. లారీ రాక ఆలస్యమని తెలిస్తే సభ్యులు కూడా పితకడం కొంత ఆలస్యం చేయవచ్చు. పితికి క్యానులో ఉంచడం కంటే పొదుగులో ఉంచడమే మేలు. కరెంటు పోయినప్పుడు కూలరు నడపడానికి జనరేటరులో నూనె ఉన్నదో లేదో చూసుకోవాలి. రహదారి మూతపడితే పాలు ఏ దారిన, ఏ కేంద్రానికి పంపాలో ముందే కేంద్రంతో మాట్లాడి ఉంచుకోవాలి. 2024లో రెండు వైపులా దారి తెగిన రోజును తలుచుకుంటే ఈ చివరి మాట ఎందుకు చెబుతున్నామో తెలుస్తుంది.

వానను ఆపడం మన చేతిలో లేదు. వాన వస్తున్నదన్న కబురు మాత్రం ఇప్పుడు మూడు రోజుల ముందే మన చేతికి వస్తున్నది. ఆ మూడు రోజులలో గడ్డి మెరకకు చేరితే, ముసురులో పొదుగు పొడిగా ఉంటే, మంచు వేళ క్యాను చల్లగా ఉంటే ఈ ఋతువు మనకు మంచి ఋతువే. సభ్యులందరూ గమనించి, చదవడం రాని పక్కింటి వారికి కూడా ఈ సంగతులు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.